మా వదిన, ఆ ఇంజను, వాననీళ్ళు

మా వదిన పోయిందన్న కబురు నాకు ఫోన్లో బొమ్మగా వచ్చింది. బొమ్మ మధ్యలో ఒక ఆవిరి ఇంజను. దాని ముందు తెల్లచొక్కాతో చేతులు కట్టుకుని ఇంజను సంఘం అధ్యక్షుడు. పైన ఒక మూల, గుండ్రంలో ఇరికించిన మా వదిన ముఖం. కింద ఎర్రక్షరాలతో "ఉక్కు మహిళకు ఉక్కు నివాళి". ఆ గుండ్రం కన్నా ఆయనగారి చొక్కా జేబే పెద్దదిగా ఉంది. నేను దాన్ని చూసి అర్థం చేసుకునే లోపు బాపట్ల నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "అత్తా, తెల్లారేసరికి అమ్మ..." అన్నాడు. కన్నకొడుకు కన్నా ముందు ఊరందరికీ చాటింపు వేసిన ఘనుడు ఆ అధ్యక్షుడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగే రకం మనుషులు ఇంకా ఉన్నారని ఆ పొద్దున నాకు రూఢి అయింది.

వదిన అంటే మా పెద్దన్నయ్య భార్య. బాపట్లలో కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరయింది. నేను తెనాలిలో హైస్కూలు హెడ్మిస్ట్రెస్‌గా చేసి ఇంట్లో కూర్చున్నాను. మా ఇద్దరికీ నోరు ఎక్కువేనని చుట్టాలందరూ ఒప్పుకున్న సంగతి. వదినా ఆడబిడ్డలంటే ఎడమొహం పెడమొహం అనుకుంటారు కదా, మేమిద్దరం మాత్రం ఒకరినొకరం తిట్టుకోవడానికి ఓపిక లేక మిగతా వాళ్ళందరినీ కలిసి తిట్టేవాళ్ళం. మా వారు పోయిన ఏడాది నేను గడప దాటడం మానేశాను. చర్చికి కూడా వెళ్ళలేదు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళినా, అక్కచెల్లెళ్ళు వచ్చి కళ్ళొత్తుకుని వెళ్ళినా నేను మంచం దిగలేదు. వదిన వచ్చి ఓదార్చలేదు. తలుపు దగ్గర నిలబడి, "ఇంట్లో కూర్చుని ఎవర్ని తిడతావు అమ్మాయ్? నాతో రా. అక్కడ తిట్టదగిన వాళ్ళు బోలెడుమంది ఉన్నారు" అంది. చీర మార్చుకుని వెళ్ళాను. నేనింకా బతికి ఉన్నానంటే ఆ మాట వల్లేనని ఇప్పుడు అనిపిస్తుంది.

అక్కడ అంటే, రేపల్లె దగ్గర ఎప్పుడో మూతపడ్డ ఫ్యాక్టరీ షెడ్డు. ఒకప్పుడు ఫ్యాక్టరీ వాళ్ళు వ్యాగన్లు లాగించుకున్న పొట్టి ఆవిరి ఇంజను ఒకటి అందులో తుప్పు పట్టి పడి ఉంది. దాన్ని మళ్ళీ నడిపిస్తామని తెనాలి, బాపట్ల, రేపల్లె నుంచి కొందరు పోగై సంఘం పెట్టారు. అందరికీ నీలం టీషర్టులు, వీపు మీద చక్రం బొమ్మ. ఆదివారం ఆదివారం వచ్చేవారు. ఫొటోలో చూస్తే నలభైమంది, పనిలో చూస్తే నలుగురు. మిగతావాళ్ళు ఇంజను చక్రం మీద కాలు పెట్టి, దూరంగా ఏదో రైలు వస్తున్నట్టు చూస్తూ ఫొటోలు దిగి, మధ్యాహ్నం బిర్యానీ పొట్లాలు విప్పేవారు. వారసత్వం అనే మాటని ఆ షెడ్డులో విన్నన్నిసార్లు నేనెక్కడా వినలేదు. సుత్తి అనే మాట వినిపిస్తే మాత్రం ఎవరికో ఫోన్ వచ్చేది.

మా వదిన ఇందులో ఎలా పడిందో చెబితే ఆవిడ స్వభావం తెలుస్తుంది. అధ్యక్షుడు ఆమె ఇంటికి వెళ్ళి గౌరవ సలహాదారుగా ఉండమని అడిగాడట. లెటర్‌హెడ్ మీద ఒక లెక్చరర్ పేరుంటే బాగుంటుందని ఆయన లెక్క. వదిన టీ ఇచ్చి, "సరే గానీ, దాంట్లో ఏ నీళ్ళు పోస్తున్నారండీ?" అని అడిగింది. ఆయన నవ్వి, "నీళ్ళేముంది మేడం, బోరుంది కదండీ" అన్నాడు. రేపల్లె బోరు నీళ్ళు! నోట్లో పోసుకుంటే ఊసెయ్యాలనిపించే ఆ ఉప్పు నీళ్ళు ఇంజను కడుపులో పోసి మరిగిస్తారట. ఆ పై ఆదివారమే వదిన రైలెక్కి వచ్చింది, సలహా ఇవ్వడానికి కాదు, వాళ్ళని ఆపడానికి.

అప్పటినుంచీ ప్రతి ఆదివారం వదిన బాపట్లలో బండెక్కి తెనాలిలో దిగేది. నేను ఇడ్లీ డబ్బాతో ప్లాట్‌ఫాం మీద ఉండేదాన్ని. ఇద్దరం రేపల్లె బండిలో కూర్చునేవాళ్ళం. వేమూరు దాటేదాకా ఆవిడ కిటికీలోంచి కాలవలు చూస్తూ, ఏ కాలవలో నీళ్ళు ఎంత మెత్తనివో చెప్పేది. మెత్తని నీళ్ళంటే సబ్బు బాగా నురగొచ్చే నీళ్ళు. చేతిసంచిలో ఎప్పుడూ అరిగిపోయిన సబ్బు ముక్క ఒకటి ఉండేది. ఎవరింటికి పెళ్ళికి వెళ్ళినా, చావుకి వెళ్ళినా చేయి కడిగేటప్పుడు ఆ ముక్క తీసి రుద్ది చూసేది. చుండూరులో మా చుట్టాలింట్లో పెళ్ళికూతుర్ని చేస్తున్నప్పుడు కూడా, "మీ నీళ్ళు సున్నంలాగున్నాయండీ, కుక్కర్లు పాడవుతాయి" అని పెళ్ళికూతురి తల్లితో చెప్పింది. నేను మోచేత్తో పొడిచాను. "ఏం, అబద్ధమా?" అని నా మీదే కోప్పడింది.

ఇంజను బాయిలర్ తలుపు విప్పించిన రోజు నాకు బాగా గుర్తు. లోపలి గొట్టాల చుట్టూ తెల్లటి పెచ్చు వేలెడు మందాన పేరుకుని ఉంది. బాపట్ల నుంచి వచ్చే ఒక పెద్దాయన ఉండేవారు, రైల్వేలో ఫైర్‌మన్‌గా ఇంజన్లలో నిప్పు వేసి రిటైరైన మనిషి. మేమందరం బాబాయిగారనేవాళ్ళం. ఆయన సుత్తితో ఒక పెచ్చు ఊడగొట్టి వదిన చేతిలో పెట్టారు. ఆవిడ దాన్ని నాకు చూపించి, "చూడు అమ్మాయ్, ఇది రాయి. నీళ్ళు తెచ్చిపెట్టిన రాయి. ఇది ఉంటే వేడి నీళ్ళకి అందదు, ఇనుముని తింటుంది" అంది. ఆవిడ కళ్ళలో అంత వెలుగు నేను మా అన్నయ్య పెళ్ళిలో కూడా చూడలేదు. నాకు మాత్రం అది రాయిలాగే కనిపించింది. ఆ ఇంజను మీద నాకు ప్రేమ పుట్టలేదు, ఇప్పటికీ లేదు. ఇనపముక్క ఇనపముక్కే. ఎవరో చచ్చిపోయిన దొరలు చేసిపెట్టిన దాన్ని తుడిచి తుడిచి మురిసిపోవడం ఏమిటో నాకు తెలియదు. నేను వెళ్ళింది వదిన కోసం. ఇడ్లీలు పెట్టడానికీ, ఆ టీషర్టు మహానుభావులని చూసి నవ్వుకోవడానికీ వెళ్ళాను.

ఆ పెచ్చు ఊడగొట్టడానికి, పాడైన గొట్టాలు మార్చడానికి మూడు వేసవులు పట్టింది. ఆ నలుగురే చేశారు. వదిన అరవై ఎనిమిదేళ్ళ వయసులో కొంగు బిగించి, తలకి తువ్వాలు చుట్టి ఇనపబ్రష్షుతో రుద్దేది. నీళ్ళ సంగతి ఎలాగని అందరూ తల పట్టుకున్నప్పుడు, షెడ్డు కప్పు రేకులకి గొట్టాలు కట్టించి, వానాకాలమంతా కురిసిన నీళ్ళు ఒక సిమెంటు తొట్టిలో పడేలా చేసింది. వాననీళ్ళలో ఉప్పుండదు, సున్నముండదు. తొట్టి మీద రేకు మూత. మూత ఎవరు తీసినా ఆవిడకి ఒళ్ళు మండేది. ఒకసారి నీలం టీషర్టొకడు అందులో చెయ్యి కడుక్కున్నాడు. "నాయనా, అది నీ చెయ్యి కడుక్కునే తొట్టి కాదు, నా బాయిలర్ తాగే నీళ్ళు" అంది. వాడు నవ్వాడు గానీ, ఆవిడ నవ్వలేదు.

ఆయుధపూజ సంగతి కూడా చెప్పాలి. అధ్యక్షుడు దుగ్గిరాల పసుపు సంచీతో వచ్చాడు. ఇంజను ఒళ్ళంతా పసుపు పూసి, బొట్లు పెట్టి, రుద్ది మెరిపించిన ఇనపకడ్డీ మీదే కొబ్బరికాయ కొట్టాడు. మేము లూథరన్ వాళ్ళం, పూజ మా సంగతి కాదు, అందుకని వదిన పక్కన నిలబడి మర్యాదగా చూసింది. హారతి అయిపోగానే గుడ్డ తీసుకుని కొబ్బరినీళ్ళు తుడవడం మొదలుపెట్టింది. "మేడం, అపచారమండీ" అన్నాడాయన. "మీ దేవుడికి కోపమొస్తే నేను సర్దిచెప్పుకుంటానండీ. తుప్పుకి ఎవరు సర్దిచెబుతారు?" అంది. బాబాయిగారు పక్కనుంచి, "నిజమేనండి, దేవుడు మాట వింటాడు" అన్నారు.

ఇక్కడ అసలు సంగతి చెప్పాలి. ఫ్యాక్టరీ ఓనరు మంచివాడే గానీ, ఓపిక అయిపోయింది. "బాయిలర్ ఒత్తిడి తట్టుకుంటుందని నా కళ్ళముందు చూపించండి. చూపిస్తే షెడ్డూ ఇంజనూ మీవే అనుకోండి. కారిందా, పాత ఇనుము వాళ్ళకి ఇచ్చేస్తాను" అన్నాడు. పరీక్ష అంటే నిప్పుతో కాదు. బాయిలర్ నిండా చల్లటి నీళ్ళు నింపి, చేతిపంపుతో కొట్టి కొట్టి లోపల ఒత్తిడి పెంచాలి. ఒత్తిడి చూపించే మీటరు ముల్లు ఎర్రగీత దాకా వచ్చి, పడిపోకుండా నిలబడాలి. అది నిలబడితే ఆ తర్వాత సర్కారు ఇన్స్పెక్టరుని పిలవడం, నిప్పు వెయ్యడం. వదిన మూడు వేసవుల కష్టం ఆ ఒక్క ముల్లు మీద ఆధారపడి ఉంది. పరీక్ష ఆదివారం పెట్టుకున్నారు. బాయిలర్ కడిగి మూసేశారు. తొట్టి నిండుగా ఉంది. గురువారం తెల్లవారుజామున వదిన గుండె ఆగిపోయింది.

శుక్రవారం బాపట్లలో సమాధి చేశాం. పాట పాడుతుంటే నేను ఏడ్చాను, సిగ్గుపడకుండా ఏడ్చాను. నన్ను మంచం మీద నుంచి లేపిన మనిషిని మట్టిలో పెట్టి ఇంటికి వచ్చాను.

ఆదివారం పరీక్ష ఆగిపోయింది. దాని బదులు షెడ్డులో సంస్మరణ సభ అన్నారు. ఎవరో పెద్ద గెస్టు వస్తున్నాడట. వెళ్ళేసరికి షామియానా, ఎర్ర కుర్చీలు, నిలువెత్తు ఫ్లెక్సీ. అందులోనూ ఆయనే నిలువెత్తు. ఒక మాస్టారు ఇంజను మీద కవిత చదువుతున్నాడు. "ఓ ఉక్కు తల్లీ" అని మొదలైంది. ఆ తల్లి ఎవరో, ఇంజనో మా వదినో, చివరిదాకా తేలలేదు. బాబాయిగారిని స్టేజీ మీద కూర్చోబెట్టి శాలువా కప్పి కదలకుండా చేశారు. షెడ్డు ముందు నేలంతా తడిగా, చల్లగా ఉంది. దుమ్ము లేవకుండా చల్లారట. బోరు మోటారు కాలిపోయి నెల దాటింది కదా, నీళ్ళెక్కడివి అనుకుంటూ వెనక్కి వెళ్ళాను.

తొట్టి మూత పక్కన పడి ఉంది. లోపల అడుగున చారెడు నీళ్ళు, రెండు ప్లాస్టిక్ గ్లాసులు. ఒక వానాకాలమంతా పట్టిన నీళ్ళని గెస్టుగారి బూట్లకి దుమ్ము అంటకుండా నేల మీద చల్లేశారు. ఆ మనుషులకి బుద్ధి లేదని నాకు తెలుసు, ఇంత లేదని తెలియదు.

అప్పుడే ఇంజను ఎక్కుతున్న ఇద్దరు మనుషులు కనిపించారు. చేతుల్లో వరిగడ్డి, పాత టైరు ముక్కలు, సరుగుడు కట్టెలు. నిప్పుగూట్లోకి తోస్తున్నారు.

"ఏంటయ్యా అది?" అన్నాను.

"పొగకండి. గెస్టుగారు జెండా ఊపగానే పొగ రావాలని ప్రెసిడెంటు సారన్నారండి. కూత ఫోన్లో పెడతారండి, స్పీకరు కలిపారు."

"బాయిలర్లో నీళ్ళు లేవయ్యా!"

"నీళ్ళెందుకండి, నడపం కదండి. ఉత్త పొగే."

ఖాళీ కుక్కరు పొయ్యి మీద పెట్టి మర్చిపోతే ఏమవుతుందో ప్రతి ఆడదానికీ తెలుసు. నీళ్ళు లేని బాయిలర్ కింద మంట వేస్తే పైరేకు ఉబ్బుతుంది, మా వదిన చేతులు కాయలు కాచేలా బిగించుకున్న గొట్టాల అతుకులన్నీ వదులవుతాయి. ఇది నాకు తెలిసింది చదువు వల్ల కాదు. ఆ రేపల్లె బండిలో వదిన చెప్పి చెప్పి నా చెవులు చిల్లులు పడ్డాయి. నేను ఆ ఇనపమెట్లు ఎప్పుడూ ఎక్కలేదు. ఆ రోజు తెల్లచీరతో ఎక్కాను. గడ్డిని బయటికి లాగి పారేసి, నిప్పుగూడు తలుపు ముందు, మసి మీద, చతికిలబడి కూర్చున్నాను.

అధ్యక్షుడు పరిగెత్తుకొచ్చాడు. "అక్కయ్యగారూ, గెస్టుగారు లేచారండీ. రెండు నిమిషాలు పొగ, అంతే. మేడంగారి ఆత్మ శాంతిస్తుంది."

"మా వదినకి పొగ పడదు. అగరొత్తి వాసనకే దగ్గేది."

"పదిమందిలో పరువండీ..."

"పరువు ఉన్నవాడు చచ్చినావిడ నీళ్ళు నేల మీద చల్లడు. పొగ నీలాంటి వాడు ఎవడైనా తెప్పిస్తాడు, ఒక టైరు చాలు. ఆవిరి రావాలంటే నీళ్ళుండాలి. ఆ సంగతి నీకు నాలుగేళ్ళుగా చెబుతున్న మనిషికి ఈరోజు దండ వేశావు. నన్ను లేపాలంటే మీ నలభైమందీ కలిసి మోసుకుపోండి."

ఆయన చుట్టూ చూశాడు. ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. తన ముఖం సరిగా పడదని అనిపించిందేమో, నవ్వు పులుముకుని దిగిపోయాడు. గెస్టు జెండా ఊపాడు. స్పీకర్లో కూత మోగింది. పొగ లేని ఇంజను ముందు నిలబడి అందరూ చప్పట్లు కొట్టారు, ఫొటోలు దిగారు, బిర్యానీ వైపు నడిచారు. బాబాయిగారు శాలువాతోనే మెట్లెక్కి వచ్చి, నిప్పుగూట్లో చెయ్యి పెట్టి తడిమి, "రాజుకోలేదమ్మా" అన్నారు. నేను ఆయన మీద కూడా అరిచాను, శాలువా కప్పగానే కూర్చుండిపోతారా అని. తల వంచుకుని విన్నారు.

అయితే నీళ్ళు లేవు. మళ్ళీ వాన కురిసేదాకా ఓనరు ఆగడు. నేను తెనాలిలో మా వీధి వాటర్ ప్లాంటుకి వెళ్ళి, టిన్నులు కావాలి, ట్రాలీ ఆటో నిండా కావాలి, అదీ నాలుగైదు ట్రిప్పులు అన్నాను. అంతకు ముందే ఆ నీళ్ళకి వదిన సబ్బు పరీక్ష చేశాను, నురగ బాగానే వచ్చింది.

"పెళ్ళా అమ్మా?" అన్నాడు ప్లాంటు కుర్రాడు.

"పెళ్ళి కాదు. ఇంజనుకి."

"ఇంజనుకి మినరల్ వాటరాండీ!" అని నోరు తెరిచాడు. నవ్వితే నవ్వాడు. వాడి నవ్వులో తప్పు లేదు, నేనైతే పడి పడి నవ్వి ఉండేదాన్ని. ఊళ్ళో జనం కొనుక్కుని తాగే నీళ్ళని తుప్పు పట్టిన ఇనప పొట్టలో పొయ్యడం కన్నా తెలివితక్కువ పని ఇంకోటి లేదు. ఆ తెలివితక్కువ పని నేనే దగ్గరుండి చేయించాను.

మరుసటి ఆదివారం షెడ్డులో నీలం టీషర్టులు లేవు. నిప్పు లేదు, పొగ లేదు, గెస్టు లేడు, వాళ్ళకి అక్కడ పనేముంది? పనిచేసే నలుగురిలో వదిన పోగా మిగిలిన ముగ్గురు, నేను, కుర్చీ వేసుకుని ఓనరు. టిన్ను తర్వాత టిన్ను ఎత్తి పోశాం. నా నడుము విరిగింది. అంచు దాకా నిండాక బాబాయిగారు మూత బిగించి పంపు కొట్టడం మొదలుపెట్టారు. ముల్లు వణికింది. లేచింది. మధ్యలో ఒకచోట ఆగితే నా ప్రాణం ఆగింది. ఇంకో నాలుగు దెబ్బలు కొట్టారు. ఎర్రగీత మీదికి వచ్చి నిలబడింది. బాబాయిగారు పంపు వదిలేసి వెనక్కి జరిగారు.

ఓనరు లేచి వచ్చి కళ్ళజోడు పెట్టుకుని ముల్లుని చూశాడు. చాలాసేపు చూశాడు. "మేడంగారు ఉండాల్సిందండి" అన్నాడు. తర్వాత, "ఉంచుకోండి, ఎక్కడికీ పంపను" అని కారెక్కి వెళ్ళిపోయాడు.

బాబాయిగారు ఉతికిన తెల్లగుడ్డ ఒకటి తీసుకుని, ముందు నుంచి వెనక దాకా ప్రతి అతుకు మీదా, ప్రతి మేకు తల చుట్టూ, వదిన వంగి బిగించిన ప్రతి గొట్టం మొన దగ్గరా మెల్లగా అద్దుకుంటూ వచ్చారు. పసిపిల్లకి ఒళ్ళు తుడిచినట్టు తుడిచారు. చివరికి నా దగ్గరకొచ్చి ఆ గుడ్డ నా చేతుల్లో పెట్టి, "చూడమ్మా" అన్నారు. మడత విప్పి, అటూ ఇటూ తిప్పి, బుగ్గకి ఆనించి చూశాను. ఎక్కడా తడి లేదు.